చెప్పేవాడి కుర్చీ

లమారా ఏ కుర్చీలోనైనా వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడకు కుర్చీ అంచు తప్ప మిగతాది అక్కర్లేకపోయింది. భోజనానికి కూర్చుంటే మొక్కజొన్న రొట్టె తుంచి, సగం నోట్లోనూ సగం చేతిలోనూ ఉండగానే లేచేది. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడుతున్నాయేమో చూడడానికి, కిటికీ రెక్క వేయడానికి, ఏ పనీ దొరక్కపోతే వాన తగ్గిందేమో చూడడానికి. మా గురియా సీమలో వాన తగ్గిందేమో అని లేచి చూసే మనిషి ఇంకొకరు లేరు. అది తగ్గదు.

"కాసేపు కూర్చోవే," అంటే, "కూర్చుంటే తుప్పు పడతాను సెవేరీ," అనేది.

ఆవిడ పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఇల్లు నిమ్మళంగా ఉంది. నాకది పడడం లేదు. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే నడకే గుర్తొస్తుంది తప్ప ముఖం నిలవదు. అందుకని ఒక్క శీతాకాలం సంగతే రాస్తాను. అప్పుడు ఆవిడ చేసిన తప్పు, దాన్ని దిద్దుకోవడానికి పడ్డ అవస్థ నాకు దగ్గరగా తెలుసు. ఆ తప్పులో నేనూ ఉన్నాను.

జీతానికి లమారా ఓజుర్గెతి పట్నంలోని సంగీత పాఠశాలలో చోంగురి నేర్పేది. నాలుగు తీగల వాద్యం. మా వైపు ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోనే కనబడుతుంది. అసలు చదువు మాత్రం వాళ్ళ అమ్మమ్మ దగ్గర. మా ఊళ్ళలో పిల్లల ఒంటిమీద పొక్కులు లేస్తే జబ్బు అనరు. "దొరలు దిగారు" అంటారు. దొరలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కోడిని కొయ్యకూడదు, గొంతు పెంచకూడదు, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోకూడదు. మంచం చుట్టూ ఎర్ర గుడ్డలు కట్టి, దొరలు సంతోషించి వాళ్ళంతట వాళ్ళు వెళ్ళిపోయేదాకా మెత్తగా పాడాలి. ఆ పాడడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అమ్మమ్మను పిలిచేవాళ్ళు. చోంగురి మోసుకుంటూ వెనకాల చిన్న లమారా. "ఆ పాటకు చప్పట్లు ఉండవు," అనేది పెద్దయ్యాక. "పొద్దున పిల్ల పాలు తాగితే బాగా పాడినట్టు."

తర్వాత ఆ పనినే ఇంకో దారిలో పట్టింది. నత్తి పిల్లలకు తాళం మీద మాట నడపడం నేర్పింది. గడప దగ్గరకొచ్చి కాలు పడక బిగుసుకుపోయే ముసలాళ్ళ పక్కన నడుస్తూ, తన తొడ మీద దరువేసి, గడప దాటించేది. వారానికి మూడు రోజులు జిల్లా ఆసుపత్రి వెనక వార్డుకు వెళ్ళేది. ఊరి వ్యానులో చోంగురిని పిండి సంచిలో పెట్టుకుని నిలబడేది; డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా "నా బిడ్డరా!" అని అరిచేది.

మా వైపు పాట ముగ్గురు మనుషుల పని. నడిమి గొంతువాడు ఎత్తుకుంటాడు. పాటలో మాటలన్నీ అతనివే. అందుకే ఆ గొంతును మా భాషలో "చెప్పేవాడు" అంటారు. కింద బానీ, ఆ మాటల కింద పరుచుకునే లోతు గొంతు. ఒకరి మాటకు ఇంకొకరు తలూపితే "బానీ ఇచ్చాడు" అనడం మా ఊళ్ళో వాడుక. నేను పాటలోనూ ఇంట్లోనూ బానీయే ఇచ్చాను. పైన క్రిమాంచులి: గొంతును విరిచి విరిచి, కోడి కూసినట్టు కూసే గొంతు. మా జట్టులో చెప్పేవాడు వార్లామ్, పై గొంతు దొమెంతీ. వార్లామ్ చెబుతుంటే, నేను కింద పరుస్తుంటే, దొమెంతీ మా ఇద్దరి నెత్తినా ఎక్కి కూసేవాడు. ఇరవై రెండేళ్ళు పాడాం.

వార్లామ్ మేనకోడలి పెళ్ళిలో అది ఆగిపోయింది. వార్లామ్ తాగి ఉండి, పాటను ఎత్తవలసిన దానికన్నా బాగా పైన ఎత్తుకున్నాడు. దొమెంతీ అంత పైకి ఎక్కలేక, నాలుగు వందల మంది ముందు గొంతు చీలి ఆగిపోయాడు. తప్పు తనదని వార్లామ్ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. గ్లాసు పైకెత్తి, "కోడి ఈకలు రాలుస్తోంది, ఏమీ అనుకోకండి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళపాటు దొమెంతీ అతనితో మాట్లాడలేదు.

ఆ తొమ్మిదో ఏడు అక్టోబరులో, చెట్టుకు పాకిన ద్రాక్ష కోసి, నిచ్చెన దిగి, భోజనం బల్ల దగ్గర కూర్చుని, దొమెంతీ ఉప్పు అడగబోయాడు. మాట రాలేదు. ఏదో చప్పుడు వచ్చింది. కుడి చెయ్యీ కాలూ కూడా పడిపోయాయి. అవి నెల తిరిగేసరికి కొంత లేచాయి. మాట లేవలేదు. మనం చెప్పింది అర్థమయ్యేది, చెప్పవలసింది నోటికి వచ్చేది కాదు. మా ఊరి నాలుకల సంగతి తెలిసిందే. వారం తిరక్కుండా, "ఇదివరకు వార్లామ్ ఒక్కడితోనే మాట్లాడేవాడు కాదు, ఇప్పుడు అందర్నీ సమానంగా చూస్తున్నాడు," అన్నారు.

ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆరు నెలలు ముఖ్యం. ఏప్రిల్ లోపల వచ్చేదే ఎక్కువ. ఆ తర్వాత వచ్చేది చుక్కలు చుక్కలుగా వస్తుంది. రాజధాని తిబిలిసిలో మాట నేర్పే చోటు ఒకటుంది. నవంబరు మొదట్లో అక్కడ ఒక మంచం ఖాళీ అవుతుంది, ఆరు వారాలు ఉంచుకుంటారు.

దొమెంతీ భార్య గుగులీ వరండాలోకి వచ్చి లమారా చెయ్యి పట్టుకుంది. "ఏం చెయ్యమంటావే? నాకు బుర్ర పనిచెయ్యట్లేదు."

"అక్కడెవరో పరాయి పిల్ల బొమ్మలు చూపించి ఇది పిల్లి, ఇది గిన్నె అంటుంది. మీ ఆయనకు ఒళ్ళు మండి బొమ్మలు చింపేస్తాడు," అంది లమారా. "అంతకాలం పాడిన మనిషి గుగులీ. మాట పోయినా పాట పోదు. పాట కొంగు పట్టుకుని మాట వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, కళ్ళారా చూశాను కూడా. నాకు వదిలెయ్."

"వదిలెయ్యనా?"

"వదిలెయ్. నీ రోగం నాకు రానీ."

ఇది మా వైపు పొద్దున లేచింది మొదలు అందరూ అనే ముద్దుమాట. కూరగాయలమ్మేవాడు కూడా అంటాడు. లమారా కూడా అలాగే అంది. తిబిలిసిలో ఆ మంచం ఇంకెవరికో వెళ్ళింది.

మొదటి రోజు వార్డులో లమారా చెప్పేవాడి గొంతు ఎత్తుకుంది. నేను బానీ ఇచ్చాను. మేం రెండో వరస అందుకునేలోపే, మంచం మీద నుంచి దొమెంతీ నోరు తెరిచి కూశాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఎలా ఉందో అలాగే, వార్డు పైకప్పు రేకులు అదిరేలా. పక్క గదుల్లోంచి మనుషులు వచ్చేశారు. నర్సులు ఏడ్చారు. గుగులీ అందరినీ ముద్దు పెట్టుకుంది, ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చిన ఎవరినో కూడా. తర్వాతి వారం పట్నం పత్రికవాళ్ళు వచ్చి లమారా ఫొటో వేశారు. రెండు నెలలు అలా నడిచింది. ఒక పాట కాదు, పదకొండు పాటలు కూశాడు. నాకు కూడా సంతోషంగానే ఉండేది. చాలా రోజుల తర్వాత నా బానీ మీద ఒక పై గొంతు ఆడుతోంది.

డిసెంబరు చివర్లో, మేం చోంగురి సంచిలో పెట్టుకుంటూ ఉండగా, వార్డు తుడిచే పెద్దావిడ తుడుపుకర్ర ఆపింది.

"టీచరమ్మా, ఒక మాటడగనా? కోడికూతకు మాటలెప్పుడు పుడతాయమ్మా?"

"ఏమన్నావు?"

"ఏం లేదు తల్లీ. రెండు నెల్ల నుంచి చూస్తున్నా. భేషుగ్గా కూస్తున్నాడు. మంచినీళ్ళు కావాలంటే మాత్రం గోడ గుద్దుతున్నాడు."

వ్యాను ఎక్కాక లమారా వేళ్ళు ముందు సీటు మీద కొడుతూనే ఉన్నాయి. ఊరికి ఇంకా మూడు కిలోమీటర్లుండగా, "ఆపు!" అంది.

"ఇక్కడ స్టాపు లేదు టీచర్. అంతా బురద," అన్నాడు డ్రైవరు.

"బురదలోనే దిగుతాను. ఆపు."

ఆవిడ వెనకాల నేనూ దిగాను. గొడుగు విప్పేలోపే యాభై అడుగులు వెళ్ళిపోయింది. వదిలేసిన తేయాకు తోటల పక్కన, వానలో, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సెవేరీ, పై గొంతులో మాటలేమున్నాయి?"

"ఏముంటాయి? ఇరియా, ఉరువా, అంతే."

"ఒక్క మాటైనా ఉందా? ఒక్కటి?"

"లేదు."

"మరి నేను రెండు నెలల్నించి వాడికి ఏం నేర్పుతున్నట్టు?"

దొమెంతీ జీవితంలో ఏ పాటలోనూ ఒక్క మాట పలకలేదు. మాటలు వార్లామ్‌వి. ఆ గొంతు పేరే చెప్పేవాడు. ఇంతకన్నా విప్పి ఎవరు చెప్పాలి? పుట్టినప్పటి నుంచి ఆ పేరు వాడుతున్న మా ఇద్దరికీ తట్టలేదు. పాట వస్తే మాట వచ్చినట్టే అనుకున్నాం. లమారా అతను పోగొట్టుకోని దాన్నే రెండు నెలలు తిరిగి ఇస్తూ వచ్చింది.

ఇంటికి వెళ్ళకుండా, ఆ తడి బట్టలతోనే గుగులీ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది. గుగులీ జనవరి ఏడున వచ్చే మా క్రిస్మస్‌కు గుడ్లు పెట్టి చేసే రొట్టెలకు పిండి కలుపుతోంది. చివరిదాకా వింది.

"నువ్వు వదిలెయ్ అంటే వదిలేశాను," అంది.

"అవును."

"ఇప్పుడు తిబిలిసిలో మంచం ఉందా?"

"పొద్దున ఫోను చేసి కనుక్కుంటాను." (కనుక్కుంది. మే నెల దాకా లేదు.)

"అయితే నాకేం చెప్పకు లమారా. ఏప్రిల్‌కి చెప్పు."

ఆ రోజు నుంచి లమారా నిద్ర పోలేదనను; నిద్రలో కూడా కాళ్ళు కదిలేవి. దొమెంతీని ఇంటికి తెచ్చారు. ఆవిడ రోజూ వెళ్ళి నడిమి గొంతు మాటలు నేర్పబోయేది. ఆవిడ ఎత్తుకోవడం ఆలస్యం, అతను పై గొంతులోకి ఎగిరిపోయేవాడు. ఆ గొంతు వింటే ఎక్కడ చేరాలో అతని ఒంటికి తెలుసు. గుర్రాన్ని వదిలేస్తే ఇంటికి వెళ్ళినట్టు. పాట లేకుండా ఉత్త మాట చెప్పిస్తే నోరు తిరక్క, చెంచా విసిరేసేవాడు. ఒక రోజు చెంచా లమారా కనుబొమ్మకు తగిలింది. ఆవిడ రక్తం తుడుచుకుంటూ, "దారి మూసెయ్యాలి," అంది నాతో. "ఆ పై చోటులో ఇంకొకళ్ళు కూర్చుని ఉండాలి. నడిమి కుర్చీ ఖాళీగా ఉండాలి. అప్పుడు వాడికి వేరే గతి లేదు."

"పై గొంతు ఎవరు పాడతారు? జిల్లాలో ముగ్గురికి వచ్చు. ఒకడు బతూమి రేవులో క్రేన్ నడుపుతున్నాడు, ఇంకొకడు మట్టిలో ఉన్నాడు, మూడోవాడు దొమెంతీ."

"గొంతులో లేకపోయినా చెవిలో ఉన్నవాడు ఒకడున్నాడుగా. ఇరవై రెండేళ్ళు పక్కనే నిలబడి విన్నవాడు."

మేం వెళ్ళేసరికి వార్లామ్ పెరటి చూరు కింద ద్రాక్ష బుట్ట అల్లుతున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళవాడు, బోడి గడ్డం, తల మీద ఎప్పుడూ ఊడని టోపీ. లమారా కూర్చోకుండానే విషయం చెప్పింది.

"నేనా? కోడికూతా?" వార్లామ్ బద్ద నోట్లోంచి తీశాడు. "పిల్లా, ఈ వయసులో నన్ను చూసి ఊరంతా నవ్వితే చూడాలనుందా?"

"నవ్వనివ్వండి. అది కూడా వైద్యమే."

"వాడు నాతో మాట్లాడడు."

"ఆయన ఎవరితోనూ మాట్లాడట్లేదు వార్లామ్ గారూ. మీకేం ప్రత్యేకంగా చెయ్యట్లేదు."

వార్లామ్ నా వైపు చూశాడు. "ఒరేయ్ సెవేరీ, నువ్వేమంటావ్? అడగడం దండగలే. బానీగాడివి."

"తప్పు నాది," అంది లమారా. "తిబిలిసి పంపిస్తామంటే వద్దన్నాను. మాటల్లేని గొంతు పట్టుకుని రెండు నెలలు తిన్నాను. ఏప్రిల్ దాకా టైముంది. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను, కానీ తొందరగా చెప్పండి. మళ్ళీ వ్యాను పోతుంది."

వార్లామ్ బుట్టలో ఇంకో బద్ద దూర్చి బిగించాడు. తర్వాత, "మరి ఎత్తుకునేదెవరు?" అన్నాడు.

"దొమెంతీ."

"ఎత్తుగడ నాది. మా నాన్న నాకు ఇచ్చాడు. ఆయన పోయాక ఇచ్చాడు, ఉండగా కాదు."

"మీరు ఉండగా ఇవ్వండి."

"పిల్లా, మనిషి ఇల్లు రాసిస్తాడు, తోట రాసిస్తాడు. గొంతెవడైనా రాసిస్తాడా? అందులోనూ వాడికి!"

లమారా గేటు తీసుకుని వెళ్ళిపోయింది. దారంతా నన్ను తిట్టింది, వార్లామ్‌ను ఒక్క మాటైనా గట్టిగా అడగలేదని. నిజమే, అడగలేదు. ఇద్దరి మధ్యా నిలబడి తొమ్మిదేళ్ళు తలూపుతూ ఉన్నవాణ్ణి నేను.

క్రిస్మస్ అయిన మూడో రోజు మధ్యాహ్నం మేం దొమెంతీ ఇంట్లో ఉండగా కుక్క మొరిగింది. గుమ్మంలో వార్లామ్, టోపీ మీద నుంచి నీళ్ళు కారుతూ. గుగులీ నోట మాట రాలేదు. ఆ ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళయ్యారనిపించింది. వార్లామ్ ఎవరినీ పలకరించలేదు. నడిమి కుర్చీ దాటి వెళ్ళి, దొమెంతీ ఎప్పుడూ నిలబడే కుడి పక్కన కూర్చున్నాడు.

"కానివ్వండి," అన్నాడు. "నేను పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను."

లమారా దొమెంతీని నడిమి కుర్చీలో కూర్చోబెట్టింది. చోంగురి మీద శ్రుతి పట్టింది. పాట గుద్దలి పాట, మొక్కజొన్న చేలో పాడేది: పొద్దు వాలింది, పార దించరా అన్నా, వాన రాకముందే ఈ సాలు ముగిద్దాం. నేను కింద పట్టాను. వార్లామ్ పైకి ఎక్కాడు. దాన్ని ఎక్కడం అనకూడదు. తుప్పు పట్టిన గేటును పిల్లలు ఊపితే వచ్చే చప్పుడు. పెరట్లో కుక్క మళ్ళీ మొరిగింది.

దొమెంతీ ముఖం ఎర్రబడింది. తన గొంతును, తన కళ్ళముందే, ఆ మనిషి ఖూనీ చేస్తున్నాడు. లేవబోయాడు, కుడి కాలు సహకరించలేదు. ముఖం గోడకు తిప్పేసుకున్నాడు. మొదటి రోజు అంతే.

రెండో రోజు వార్లామ్ అంతకన్నా చెడ్డగా పాడాడు. మూడో రోజు దొమెంతీ ముక్కుతో నవ్వాడు. వారం గడిచింది. లమారా కూర్చునేది కాదు. చోంగురి మెడ పట్టుకుని మా ముగ్గురి చుట్టూ తిరుగుతూ వాయించేది. నడిమి చోటు ఖాళీగా ఉన్న పాట ఎలా ఉంటుందో పాడనివాళ్ళకు చెప్పలేను. మెట్టు లేని చోట కాలు పెట్టినట్టుంటుంది. ఆ ఖాళీ నాకే భరించరాకుండా ఉండేది. నడిమి కుర్చీలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుంది?

పదకొండో రోజున దొమెంతీ ఎడమ చేత్తో మోకాలి మీద కొట్టాడు. నోరు తెరిచాడు. మళ్ళీ పైకి ఎగురుతాడనుకున్నాను. పైన వార్లామ్ ఉన్నాడు, గేటు కిర్రుమంటోంది, చోటు లేదు. "పొద్దు," అన్నాడు. పాటలో అన్నాడు. "పొద్దు వాలింది, పార దించరా..."

గుగులీ బయట కోళ్ళను కేకలేస్తోంది; వినలేదు. లమారా మాత్రం ఆ వరస చివరికి రాగానే అరచెయ్యి చాచి మమ్మల్నందరినీ ఆపేసింది. బానీ ఆగింది, కిర్రు ఆగింది, చోంగురి ఆగింది. చివరి మాట ఎవరూ పాడలేదు.

దొమెంతీ ఆవిడను చూశాడు, నన్ను చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"అన్నా," అన్నాడు. పాట లేకుండా.

నేను ఏడ్చాను. వార్లామ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. లమారా అప్పటికే కోటు వేసుకుంటోంది. "ఒకటి," అంది. "రేపు పది గంటలకు. వార్లామ్ గారూ, గొంతు బాగుపడేలా తేనె గీనె తాగొద్దు."

ఫిబ్రవరికి ఆ పాటలోని ముప్పై ఏడు మాటలూ దొమెంతీకి వచ్చేశాయి. వాటితోనే ఇల్లు నడిపేవాడు. గుగులీ ఊరంతా చెప్పుకునేది. "వాన అంటే చారు. పార అంటే చెంచా. పొద్దు అంటే టీవీ. ఇక నన్నేమంటాడో తెలుసా? అన్నా అంటాడు! ఇద్దరు పిల్లల్ని కన్నానమ్మా, అన్నా అట!" నవ్వుతూనే చెప్పేది, కానీ ఆ నవ్వులో ఏప్రిల్ ఉండేది. లమారా కంట పడితే ఆ విషయం మాత్రం ఎత్తేది కాదు.

మార్చిలో డాక్టరమ్మ చూసి మెచ్చుకుంది. తర్వాత లమారాను పక్కకు పిలిచింది. "ఇవి పాట మాటలు టీచర్. మీరు నింపారు, ఆయన వంపుతున్నారు. ఊట పడాలి. మీరు ఇవ్వని మాట ఒకటి ఆయనంతట ఆయన తెచ్చుకుంటే, అప్పుడు దారి తెరుచుకున్నట్టు. లేకపోతే ఇంతే."

ఇక ఆ నెలన్నర లమారాను ఇంట్లో పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటి వంటింట్లోకీ దూరి, జనం రోజూ ఏం మాటలంటారో రాసుకునేది. "మొగుడూ పెళ్ళాలు రోజు మొత్తమ్మీద అరవై మాటలకు మించి అనుకోరు సెవేరీ, అందులో ఇరవై 'ఎక్కడ పెట్టావ్'," అని విస్తుపోయింది. ఉప్పు, చెప్పులు, చాలు, వద్దు, తలుపెయ్, నడుం నొప్పి. వీటి మీద పాటలెక్కడున్నాయి? తనే కట్టింది. మూడు గొంతులకూ వరసలు కట్టి, వ్యానులో నిలబడి మాకు నేర్పింది. నడుం నొప్పి పాట చాలా బాగుండేది. అది ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పాడుతున్నారు, ఎవరు కట్టారో తెలియకుండా. ప్రతి మాటా దొమెంతీ నేర్చుకున్నాడు, ప్రతి మాట పక్కనా ఆవిడ గీత పెట్టింది. నేర్పనిది ఒక్కటీ రాలేదు. రోజూ వచ్చి బూట్లు విప్పకుండానే, "లేదు," అనేది. నేను అడగకపోయినా అనేది.

అన్నం సయించక చిక్కిపోయింది. పక్కలో నొప్పి ఆ వసంతంలోనే మొదలై ఉంటుందని తర్వాత డాక్టర్లు అన్నారు. ఆవిడ అప్పుడు మాతో చెప్పలేదు. చెబితే పడుకోమంటామని.

ఏప్రిల్ పదమూడో తారీకు సాయంత్రం నాలుగైంది. లమారా కిటికీ దగ్గర నిలబడి అక్రోట్లు కొడుతోంది. గుగులీ ఒక కాలికి చెప్పు లేకుండా మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"రండి, రండి! కొట్టుకు చచ్చేలా ఉన్నారు!"

"ఎవరు?" అన్నాను.

"ఎవరేంటి, మా ఆయనా వార్లామూ! నిన్న నేర్పిన పాట పాడుతున్నారు. ఆ ముసలాడు పైన గొంతు చీల్చుకుంటున్నాడు. మా వాడు బల్ల మీద గుద్ది లేచి నిలబడ్డాడు..."

"మాటలతోనేనా?" లమారా చేతిలో సుత్తి అలాగే ఉంది.

"మాటలతోనే. ఇంకా చేతులు లేవలేదు."

"ఏ మాటలు?"

"ఏ మాటలేమిటే, వచ్చి విడదియ్యండి ముందు!"

"గుగులీ. దొమెంతీ ఏమన్నాడో అదొక్కటే చెప్పు. ముందూ వెనకా వద్దు."

గుగులీ ఊపిరి తీసుకుంది. "చిల్లు తిత్తి అన్నాడు. వార్లామ్ ముఖం మీద వేలు పెట్టి. చిల్లు తిత్తీ, చాలు! అని."

"చాలు నేను నేర్పాను," అంది లమారా. సుత్తి కింద పడేసి నోటు పుస్తకం తెరిచింది. వేలు పై నుంచి కిందికి, మళ్ళీ పేజీ తిప్పి పై నుంచి కిందికి. చిల్లు లేదు. తిత్తి లేదు. పుస్తకం మూసి నా వైపు తిరిగింది.

"సెవేరీ, మీ పాత పాటల్లో ఎక్కడైనా ఉందా ఆ మాట? ముగ్గురూ పాడినవాటిలో, వార్లామ్ గొంతులో, ఎక్కడైనా? ఆలోచించి చెప్పు. ఇప్పుడు బానీ ఇవ్వకు."

నేను ఆలోచించాను. ఒక్కో పాటే లోపల ఎత్తుకుని చివరిదాకా నడిచాను. ఆవిడ ఆ కాసేపు కదలకుండా నిలబడింది.

"లేదు," అన్నాను. "ఏ పాటలోనూ లేదు."

"మరెక్కడిది?"

"వాళ్ళమ్మది!" అంది గుగులీ. "మా అత్త నోట్లో మాట అది. కాపురానికొచ్చిన కొత్తల్లో నన్ను రోజుకు పదిసార్లనేది, చిల్లు తిత్తి అని. వీడు పక్కనుండి నవ్వేవాడు. ముప్పై ఏళ్ళుగా నేను మళ్ళీ వినలేదు." అని ఆగింది. తను చెప్పిందేమిటో అప్పుడు తట్టినట్టుంది. మా గడప మీదే చతికిలబడి, చెప్పులేని కాలు రెండు చేతులా పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోయింది.

లమారా ఆవిడ భుజం మీంచి దాటి వాకిట్లోకి దిగింది.

"విడదియ్యొద్దు!" అని అరిచింది వెనక్కి. "ఎవరూ విడదియ్యొద్దు. ఇంకో నాలుగు తిట్టుకోనివ్వండి. సెవేరీ, పెన్సిలు తీసుకురా!"

ఇంట్లో తిరిగే మెత్తటి చెప్పులతోనే, వానలో, గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని పరుగు. నేను బల్ల మీద వెతికాను, కిటికీలో వెతికాను, అక్రోట్ల తొక్కల కింద వెతికాను. పెన్సిలు దొరికి బయటకు వచ్చేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయింది.